ఫిబ్రవరి కోత

మొదట ప్రభుదాసు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. ఆ తరువాత వాటిలో ఒకటి ఊడి బల్ల మీద పడింది.

కొట్టినవాడు జకరయ్య. నిజానికి అతను కొట్టడానికి రాలేదు. రేపల్లె స్టేషన్‌లో దిగి, ఎండలో నడిచి, ‘తీరాంధ్ర వాణిజ్య విద్యాలయం’ అని బోర్డు తగిలించిన రెండు గదుల మేడ ఎక్కి, మర్యాదగా కుర్చీలో కూర్చుని, మర్యాదగానే అడిగాడు. అడుగుతుండగా వెనకనుంచి ఓ బండమనిషి వచ్చి సైకిల్ చైను మెడకు బిగించాడు. వాడి మోచేయి విరిచి, మెట్ల మీదుగా కిందకు దొర్లించి, మెడ తడుముకుంటూ తిరిగి వచ్చేసరికి ప్రభుదాసు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసి జకరయ్యకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండడం అతనికి కొత్త కాదు. ఆదాయపు పన్ను శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉండగా లంచం ఇవ్వబోయిన షావుకారు చెంప పగలగొట్టి ఉద్యోగం ఊడగొట్టుకున్న ఘనుడు. ఇప్పుడు తెనాలిలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని, ఇంకా ఎవరెవరి చెంపలు పగలాలో వెతుక్కుంటున్నాడు.

"మళ్ళీ అడుగుతున్నా ప్రభుదాసుగారూ. రాజారత్నం చదువుకి మీరు తీసుకున్న ఫీజెంత?"

ప్రభుదాసు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నా పన్ను ఊడగొట్టేశారండీ!"

"నేనూ పన్ను సంగతి కనుక్కుందామనే వచ్చాను. ఫీజెంత?"

"ఏడాదికి రెండువేల నాలుగొందలండి."

"కంపెనీ లెక్కలో?"

ప్రభుదాసు కిటికీ వైపు చూశాడు. కింద చైనువాడు గోడకు జారబడి మూలుగుతున్నాడు. జకరయ్య నేలమీద పడిన ఆ చైను తీసి తీరిగ్గా తన పిడికిలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఇరవై నాలుగువేలండి!" అన్నాడు ప్రభుదాసు గబగబా. "ఒక్క సున్నా ఎక్కువండి, అంతేనండి. నాకు మిగిలేది బొటాబొటీ అండి. మిగతాదంతా బసవేశ్వరరావుగారికే వెనక్కి వెళ్ళిపోద్దండి."

"రాజారత్నం ఒక్కడి మీదేనా?"

"ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసుకుంటా ఇక్కడ చదువుకునే పిల్లలు నలభై మందండి. అందరి మీదానండి."

"ఓహో. తన దగ్గర పనిచేసే పిల్లలకి చదువు చెప్పిస్తున్నానని ఖర్చు రాసుకుని తన పన్ను తగ్గించుకుంటాడు. ఆ డబ్బే దొడ్డిదారిన ఇంటికి తెచ్చుకుంటాడు. పైగా విద్యాదాత అని దండలు. మంగళవారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇక్కడేనండి, క్లాసు చెప్తన్నానండి. పిల్లలందర్నీ అడగండి."

"చేతులు చూపించండి."

ప్రభుదాసు అయోమయంగా రెండు చేతులూ చాపాడు. పని ఎరగని మెత్తటి చేతులు. జకరయ్య వాటిని ఇటూ అటూ తిప్పి చూసి వదిలేశాడు.

"ఆ కుర్రాడు చావటంలో నాకేం సంబంధం లేదండి," అన్నాడు ప్రభుదాసు ఏడుపు గొంతుతో. "ఫిబ్రవరి జీతంలో కోత కొయ్యకపోతే వాడికి అనుమానమే వచ్చేది కాదండి. బసవేశ్వరరావుగారు నెత్తీ నోరూ కొట్టుకున్నారండి."

"కోసిందెవరు?"

"ఇంకెవరండి, అకౌంటెంటు లాజరుగారు. సొంత మేనల్లుడని కూడా చూడలేదండి ఆ మహానుభావుడు."

జకరయ్య చైను బల్ల మీద పడేసి లేచాడు. వెళ్తూ వెళ్తూ కిందవాడి జేబులో ఆసుపత్రి ఖర్చుకని ఓ యాభై కాగితం కుక్కాడు. కోపం వచ్చినంత తొందరగా జాలి కూడా వచ్చే మనిషి, ఏం చేస్తాం.

రేపల్లె నుంచి తెనాలి వచ్చే ప్యాసింజరు ప్రతి స్టేషన్‌లోనూ చుట్టాలున్నట్టు ఆగుతుంది. ఆలోచించుకోవడానికి మాత్రం అంత మంచి బండి లేదు. జకరయ్య తలుపు దగ్గర నిలబడి జరిగినదంతా మొదటినుంచీ కూర్చుకున్నాడు.

చచ్చిపోయినవాడు రాజారత్నం. బాపట్ల దాటాక చీరాల రోడ్డు మీద ఉన్న బసవా క్యాష్యూ వర్క్స్‌లో ప్యాకింగ్ సూపర్‌వైజరు. మంగళవారం సాయంత్రం గంట కొట్టాక జీడిపిక్కలు కాల్చే బట్టీ షెడ్డులో తల పగిలి పడి ఉన్నాడు. చంపినవాడికి అది చాలలేదు. డబ్బాడు జీడినూనె తెచ్చి మొహం మీద పోశాడు. తోలు ఊడివచ్చే నూనె అది. ఇరవై ఆరేళ్ళ పిల్లవాణ్ణి కన్నతల్లి చూసినా గుర్తుపట్టలేనట్టు చేసింది.

కంపెనీ చెప్పిన కథ ప్రకారం చంపింది బట్టీ కాల్చే సింగయ్య. ముందురోజు ఇద్దరూ మాటామాటా అనుకున్నారట, చంపి పారిపోయాడట. పోలీసులు అదే రాసుకుని రామాపురం రేవులో పడవల మీద వేటకెళ్ళే అతని చుట్టాలను ప్రశ్నించి వెళ్ళారు. కానీ సింగయ్య ఎక్కడికీ పారిపోలేదు. కంపెనీ గోడౌనులోనే ఉన్నాడు. లోపలినుంచి మొగుడి కేకలు విన్నానని అతని పెళ్ళాం నాగమ్మ గేటు ముందు కూర్చుని రెండు రోజులుగా చెబుతోంది. వినే నాథుడు లేడు.

విన్నది ఒక్క మనిషే. రాజారత్నం తల్లి వరమ్మ, నందివెలుగులో మిషన్ బడి పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. బుధవారం కొడుకును సమాధి చేసి, ఆ మట్టి చేతులతోనే అన్న లాజరును వెంటబెట్టుకుని తెనాలి వచ్చింది. లాజరు జకరయ్య చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరమ్మ మాత్రం ఏడవలేదు. "సింగయ్య నా కొడుకుని చంపేవాడు కాదు బాబూ," అంది. "వేట దొరికినప్పుడల్లా మా వాడికి చేపలు పంపేవాడు. నా బిడ్డ ఎలాగూ రాడు. ఇంకో ఆడదాని మొగుణ్ణి కూడా వాళ్ళు చంపేస్తే, ఆ సమాధి దగ్గర మోకాళ్ళేసి నేను ప్రార్థన ఎలా చెయ్యను?"

ఆ మాటే జకరయ్యను ఇంతదూరం తిప్పింది.

ఇక కోత సంగతి. యజమాని నీ బదులు నీ కాలేజీ ఫీజు కట్టాడంటే, ఆ డబ్బు నీ కంటపడకపోయినా అది నీ జీతమే అంటుంది చట్టం. జీతంతో కలిపి లెక్కేసి, ప్రభుత్వం గీసిన గీత దాటితే పన్ను పట్టుకోమంటుంది. ఏడాది పొడుగునా మరిచిపోయిన పన్ను ఫిబ్రవరిలో ఒక్కసారి మీదపడుతుంది కనుక జీతగాళ్ళకు ఆ నెలంటే హడలు. నలభై మంది పిల్లల్లో ముప్పై తొమ్మిది మందికి వచ్చేది కూలి డబ్బులే. దానికి దొంగ ఫీజు కలిపినా గీత దాటరు. కోత పడదు. కోత పడనివాడు లెక్క అడగడు. బసవేశ్వరరావు తెలివి అక్కడుంది. రాజారత్నానికి మాత్రం కిందటి ఉగాదికి సూపర్‌వైజరు పని ఇచ్చారు, జీతం పెరిగింది. దొంగ ఫీజు కలిసేసరికి గీత దాటిపోయాడు. మూడువేల జీతంలో రెండువేలు కోసి మిగతాది చేతిలో పెడితే ఏ మనిషి ఊరుకుంటాడు? నాకు కట్టని ఫీజు మీద నేనెందుకు పన్ను కట్టాలని అడిగాడు. తెనాలి పన్నుల ఆఫీసుకు వెళ్ళి తేల్చుకుంటానన్నాడు. అలా అన్నాక వారం తిరక్కుండానే తల పగిలింది.

అనుమానించాల్సినవాళ్ళలోంచి లాజరు పేరు జకరయ్య అక్కడే కొట్టేశాడు. దొంగతనంలో వాటా ఉన్నవాడు ఆ దొంగతనం బయటపడే కోత తన చేత్తో కోస్తాడా? కోయడు. లెక్క సరిగ్గానే ఉందనిపించింది. తప్పు అక్కడే చేశాడు, కానీ అది తెలియడానికి ఇంకో నాలుగు దెబ్బలు తినాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీ చేరాక నాగమ్మ అతన్ని వెనక దారిన, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ గుంపులో కలిపి లోపలికి పంపింది. నెత్తిన గోనెపట్టా కప్పుకున్న ఆరడుగుల మనిషిని చూసి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారే గాని ఒక్కరూ చప్పుడు చెయ్యలేదు.

హత్య జరిగినప్పటినుంచీ బట్టీ వెలిగించలేదు. షెడ్డు తలుపు దగ్గరకు వేసి ఉంది. లోపల నేలమీద నెత్తురు మరక మీద ఎవరో ఊక పోశారు. జకరయ్య దాని జోలికి పోలేదు. గోడకు, చెయ్యందేంత ఎత్తులో, మేకుకు ఆముదం ముంత వేలాడుతోంది. దించి చూశాడు. అంచుదాకా ఆముదం, దానిమీద చెదరని దుమ్ము తెట్టు.

తరువాత పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అక్కడ పిక్కల తొక్కలే వంటచెరకు. సగం కాలిన నల్లటి తొక్కల బూడిద గుట్టగా పోసి ఉంది. ఆ గుట్టలో ఎవరో రెండు చేతులూ కలిపి తోడుకున్నట్టు గుంట. ఆ గుంట నుంచి కొళాయి దాకా నల్లటి బొట్లు. కొళాయి పిడి మీద నల్లటి అరచేతి ముద్ర.

జకరయ్య ఆ ముద్రను ముట్టుకోకుండా వంగి చూశాడు. వాళ్ళమ్మ వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టి అతన్ని చదివించింది. పొద్దున్నే పనికి వెళ్ళేముందు ఇంటి పొయ్యిలోంచి కట్టెల బూడిద తీసి, జల్లించి, చేతులకు పట్టించుకునేది. తొక్కల బూడిద ముట్టుకోబోతే వీపు చీరేసేది. చూడటానికి రెండూ బూడిదలే. కానీ సగం కాలిన తొక్కలో జీడి చావదు. కాపాడమని దాన్ని రాసుకుంటే పామును తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నట్టే. పైగా జీడి అంటిన చెయ్యి ఆముదంతో తుడవాలి. నీళ్ళతో కడిగితే మోచేతిదాకా పాకుతుంది. ఆ జీడి మనిషి పగ లాంటిది, వెంటనే పైకి తేలదు. ఒకటి రెండు రోజులు గడిచాక బొబ్బలై లేస్తుంది.

చంపినవాడు ఈ ఫ్యాక్టరీ వాడే. ఆడవాళ్ళు చేతులకు బూడిద రాసుకోవడం రోజూ చూసినవాడు. ఏ బూడిదో ఎన్నడూ అడగనివాడు. చెయ్యి చాస్తే అందే ఆముదం ముంత ఎందుకు ఉందో తెలియనివాడు. అంటే బట్టీ దగ్గర పుట్టి పెరిగినంత పని చేసిన సింగయ్య కాదు. కిటికీలోంచి చూసిన ఆఫీసు మనిషి.

"ఏంటి జకరయ్యా, పొయ్యిలో కాసులు దొరికాయా?"

తలుపులో ప్రకాశరావు నిలబడి ఉన్నాడు. వెనక నలుగురు, చేతుల్లో కర్రలు. ప్రకాశరావు కూడా డిటెక్టివే. ఒకే కేసు మీద చెరోవైపు నుంచి వచ్చి ఇద్దరూ ఇదివరకు రెండుసార్లు తలలు పగలగొట్టుకున్నారు. జకరయ్య బీదవాళ్ళ కేసులు పట్టుకుని వేలాడుతుంటే, అతను బసవేశ్వరరావు దగ్గర సెక్యూరిటీ పెద్దగా చేరి బొజ్జ పెంచాడు.

"దొరికాయి," అన్నాడు జకరయ్య లేస్తూ. "సింగయ్యని వదిలెయ్ ప్రకాశరావూ. వాడు చంపలేదని నీకూ తెలుసు."

"సింగయ్యా? పారిపోయాడుగా."

"వాడి పెళ్ళాం చెవులు పనిచేస్తున్నాయి."

ప్రకాశరావు పకపకా నవ్వాడు. "చూడాలనుందా? రా. నీకు దాచేదేముంది? నువ్వు బయటికెళ్ళి ఏం చెప్పినా, గుమాస్తా చెంప కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నోడి మాట ఎవడింటాడు?"

"షావుకారు చెంప," అని సరిదిద్దాడు జకరయ్య.

గోడౌనులో బస్తాల వెనక సింగయ్య దూలానికి వేలాడుతున్నాడు. మణికట్లు తాడు కోసుకుని పచ్చి మాంసం కనిపిస్తోంది. అరికాళ్ళు వాచి నల్లబడ్డాయి. ఎడమచేతి వేళ్ళకు గోళ్ళు లేవు. కుడిచెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తేడా ఎందుకో జకరయ్యకు మొదట అర్థం కాలేదు. పక్కన పీట మీద పెన్నూ కాగితమూ చూశాక అర్థమైంది.

"నేనే చంపాను, పాపభీతితో సముద్రంలో పడి చస్తున్నానని రాసి ఉంచాం," అన్నాడు ప్రకాశరావు. "సంతకం పెడితే వాడి బాధా తీరుద్ది, మన బాధా తీరుద్ది. వేలిముద్రగాడైతే క్షణంలో పని. వీడికి సంతకం వచ్చి చచ్చింది."

సింగయ్య తల ఎత్తాడు. పెదాలు చిట్లిపోయి మాట ముద్దముద్దగా వచ్చింది. "రాజారత్నంబాబు నేర్పించాడండి. సాయంత్రాలు పలక కొని తెచ్చి నేర్పించాడండి. ఆయన నేర్పిన సంతకం ఆయన చావు మీద పెట్టనండి. చంపెయ్యమనండి."

జకరయ్య ప్రకాశరావు వైపు తిరిగాడు.

"నీ చేతులు చూపించు ప్రకాశరావూ."

"ఏంటి, జాతకం చెప్తావా?" ప్రకాశరావు వెటకారంగా రెండు అరచేతులూ చాపాడు. శుభ్రంగా ఉన్నాయి.

"నువ్వు కాదన్నమాట. బసవేశ్వరరావో?"

"ఆయన ఆదివారం నుంచీ మద్రాసులో ఉన్నారు."

"మరి ఆఫీసులో ఇవాళ రానివాళ్ళెవరు?"

"అందరూ వచ్చారు. లాజరుగారొక్కడే జ్వరమని..."

ప్రకాశరావు నోరు మూశాడు. మూసింది ఆలస్యంగానే. అతని మొహంలో రంగు మారడం జకరయ్య చూశాడు, జకరయ్య చూడడం అతనూ చూశాడు. ఆ తరువాత మాటలకు చోటు లేకపోయింది.

మొదటి కర్ర జకరయ్య భుజం మీద పడింది. రెండోది పడేలోగా ఆ కర్ర పట్టుకున్నవాడి ముక్కు పగిలింది. జకరయ్య వాణ్ణి అడ్డం పెట్టుకుని ప్రకాశరావు మీదకు దూకాడు. బొజ్జలో మోకాలు దిగింది, బస్తాలు దొర్లాయి, జీడిపిక్కలు నేలంతా పరుచుకున్నాయి. ఆ సందులో జకరయ్య సింగయ్య ఒక చేతి కట్టు విప్పగలిగాడు కూడా. అంతలో వెనకనుంచి ఇనప కడ్డీ పక్కటెముకల మీద పడి టక్కుమని చప్పుడైంది. జకరయ్య మోకాళ్ళ మీద కూలాడు. ఆ తరువాత బూట్లు ఎన్ని పడ్డాయో అతను లెక్కపెట్టలేదు.

"వీణ్ణి ఇక్కడ చంపకండి," అంటున్నాడు ప్రకాశరావు రొప్పుతూ. "వీడు లోపలికి రావటం ఆడాళ్ళు చూశారు. బయట పారెయ్యండి."

గేటు బయట మట్టిలో నాగమ్మ అతన్ని లేపి కూర్చోబెట్టింది. "మా ఆయన ఉన్నాడా బాబయ్యా?"

"ఉన్నాడమ్మా. నువ్వు సిగ్గుపడే పని ఒక్కటీ చెయ్యలేదు." జకరయ్య నెత్తురు ఉమ్మి లేచాడు. "నువ్వెళ్ళి పోలీస్ స్టేషన్ ముందు కూర్చో. తరిమినా కదలొద్దు. నేను ఒక మనిషి చేతులు చూసి వస్తాను."

బాపట్లలో లాజరు ఇంటి ముందు ఆటో దిగేసరికి ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముక గుచ్చుతోంది. ముందు గదిలో మంచం మీద లాజరు పడుకుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతులదాకా తడిగుడ్డలు చుట్టి ఉన్నాయి. వరమ్మ పక్కన కూర్చుని విసురుతోంది. అన్నకు జ్వరమంటే నందివెలుగు నుంచి నిన్ననే వచ్చింది.

"ఏంటి నాయనా ఆ దెబ్బలు!" అంటూ లేచింది.

"నాకేం కాలేదమ్మా. మీ అన్నగారి చేతులకేమైంది?"

"మరుగుతున్న నీళ్ళు ఒలికాయంట బాబూ. బొబ్బలు లేచి రసి కారుతున్నాయి. డాక్టరు దగ్గరకి రమ్మంటే రాడు."

జకరయ్య వంగి ఒక గుడ్డ అంచు ఎత్తాడు. లాజరు కెవ్వుమన్నాడు. బొబ్బలు పగిలి తోలు వేలాడుతోంది. ఎంత కడిగినా పోని నలుపు అరచేతి గీతల్లో ఇంకిపోయి ఉంది.

"నీళ్ళు కాల్చినచోట నలుపెక్కదు లాజరుగారూ. ఇది జీడి. మా అమ్మ చేతులు చూస్తూ పెరిగినవాణ్ణి నేను."

లాజరు కళ్ళు చెల్లెలి వైపు, జకరయ్య వైపు తిరిగాయి. గుడ్డ మళ్ళీ చేతిమీదకు లాక్కున్నాడు.

"అవునండి. జీడేనండి. వరమ్మ బాధపడుద్దని నీళ్ళని చెప్పాను. బాబుని పెట్టెలో పెట్టేముందు ఒళ్ళు కడిగింది నేనే కదండి. వాడి మొహాన ఉన్నదే నా చేతులకి అంటుకుంది."

మంచి మాటే. కోర్టులో నిలబడే మాట. కాదనడానికి సమాధి రోజు జకరయ్య అక్కడ లేడు.

విసనకర్ర ఆగింది.

"ఏ ఒళ్ళు కడిగావన్నయ్యా?" అంది వరమ్మ.

గొంతు పెంచలేదు. బడిలో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది. "ఆసుపత్రి వాళ్ళు పెట్టెకి మేకులు కొట్టి ఇచ్చారు. ఒక్కసారి ముద్దు పెట్టుకుంటానని నేను మూత మీద పడితే, తియ్యొద్దమ్మా చూడలేవని నన్ను పట్టుకుని లాగింది నువ్వే. మనలో ఎవరూ వాణ్ణి ముట్టుకోలేదు. నీ చేతులకి నా బిడ్డ మీది జీడి ఎప్పుడంటింది?"

లాజరు కళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవే అని జకరయ్యకు అనిపించింది. అందుకే ఇంకా అసహ్యం వేసింది.

"వాడికి నచ్చజెప్దామనే షెడ్డుకి తీసుకెళ్ళాను వరమ్మా," అన్నాడు. "నాకూ ఏటా ఇంత ఇస్తారని, ఇల్లు కట్టుకున్నది దాంతోనేనని చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. తెనాలి వెళ్తా, నలభై మంది తరఫునా అడుగుతా అన్నాడు. బట్టీ కలబెట్టే కడ్డీ చేతికి దొరికింది. ఒక్కటే దెబ్బ. ఆ గాయం చూడలేక నూనె పోశాను."

"ఆ కోత ఎందుకు కోశారు మరి?" జకరయ్యకు ఆ ఒక్కటే మింగుడుపడలేదు. "అది కోయకపోతే వాడికి తెలిసేదే కాదు."

లాజరు విచిత్రంగా చూశాడు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "కొయ్యకపోతే ఎలాగండి? ఫీజు లెక్కలోకి ఎక్కాక పన్ను పట్టుకోవాలి కదా. ముప్పై ఏళ్ళ సర్వీసండి. పన్ను దగ్గర ఒక్క పైసా తేడా రానివ్వలేదు నేను. బసవేశ్వరరావుగారు వద్దన్నా వినలేదు."

దొంగ ఫీజు రాయడానికి వణకని చెయ్యి దానిమీద పన్ను వదిలెయ్యడానికి వణికింది. ఆ నిజాయితీయే వరమ్మ కొడుకును షెడ్డుకు నడిపించింది. జకరయ్యకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

గోడ పక్క బల్ల మీద ఫోను మోగింది.

లాజరు మంచం మీంచి దానిమీదకు ఉరికాడు. జకరయ్య విరిగిన ఎముక మాట మరిచిపోయి అతన్ని గోడకేసి అదిమాడు. ఫోను మోగుతూనే ఉంది. వరమ్మ లేచి వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు. ప్రకాశరావుది గట్టి గొంతు. గది అంతా వినిపించింది.

"లాజరుగారా? ఆ జకరయ్యగాడు మీ దగ్గరకే బయల్దేరాడు, నోరు జాగ్రత్త. సింగయ్యగాడు సంతకం పెట్టలేదు. ఇంక ఆగలేం. రామాపురం తీసుకెళ్తున్నాం, జీపు ఇప్పుడే కదిలింది. పొద్దు వాలేసరికి పడవలో పెట్టి లోపలికి తీసుకెళ్ళి వదిలేస్తారు. మద్రాసుకి మీరే ఫోను చేసి చెప్పండి. ఏమండీ? వింటున్నారా?"

వరమ్మ ఫోను పెట్టేసింది. పైట బిగించి దోపుకుని లాజరు ముందుకు వచ్చి నిలబడింది.

"రామాపురం ఎంత దూరం బాబూ?"

"ఆటోలో ముప్పావుగంట, అమ్మా. వీధిలోనే ఆపి ఉంచాను. కానీ వాళ్ళు నా మాటకి ఆగరు. కర్రలున్నాయి, మనుషులున్నారు."

"మీ మాటకి ఆగకపోతే పోనీ. రేవు రేవంతా సింగయ్య చుట్టాలే కదా? వాళ్ళందరి ముందూ ఈయన చెప్తాడు." ఆమె అన్న వైపు తిరిగింది. "నడు అన్నయ్యా."

"వరమ్మా, నన్ను చంపేస్తారమ్మా వాళ్ళు..."

వరమ్మ వంగి అతని కుడిచెయ్యి అందుకుంది. తడిగుడ్డ ఊడి కింద పడింది. బొబ్బలు ఆమె పిడికిట్లో చిట్లి, తోలు అరచేతినుంచి ఊడివచ్చింది. లాజరు పెట్టిన అరుపుకు వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఆ జీడి తన చేతులకూ అంటుతోందని ఆమెకు తెలుసు. పట్టు వదల్లేదు. గడప దాటించి, వీధి మధ్యకు లాక్కెళ్ళి ఆటోలో తోసి, పక్కన కూర్చుంది. జకరయ్య రెండోవైపు ఎక్కాడు.

"పోనియ్యి నాయనా," అంది ఆటోవాడితో. "సింగయ్యకి ఊపిరుండగా చేరాలి."